తొలిసారి బండ ఎక్కాలంటే: టాప్ రోపా, బౌల్డరింగా?

హైదరాబాద్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు బండలకు కొదవ లేదు. ఖాజాగూడ గుట్టల నుంచి భువనగిరి కోట దాకా దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మన పక్కనే ఉంది. బయట బండ ఎక్కడం నేర్చుకుందామనుకునేవాళ్ల ముందు ముఖ్యంగా రెండు దారులుంటాయి. ఒకటి బౌల్డరింగ్. నాలుగైదు మీటర్ల గుండ్లను తాడు లేకుండా ఎక్కుతారు, కింద మందపాటి ఫోమ్‌తో చేసిన క్రాష్ ప్యాడ్ వేసుకుంటారు. రెండోది టాప్ రోప్. బండ పైన యాంకర్ (తాడు బరువు మోసే గట్టి ఆధారం) కట్టి, అందులోంచి కిందికి దించిన తాడు ఒక కొసను ఎక్కేవాళ్ల హార్నెస్‌కు, అంటే నడుముకూ తొడలకూ వేసుకునే పట్టీలకు, ముడి వేస్తారు. రెండో వైపు తాడును కింద ఇంకొకరు పట్టుకుని, ఎక్కేకొద్దీ వదులు లాగుతూ ఉంటారు. దాన్నే బిలే అంటారు.

ఎక్కువమంది బౌల్డరింగ్‌తోనే మొదలుపెడతారు. షూస్, చాక్ బ్యాగ్ (చేతులకు రాసుకునే పొడి సంచి), ఒక ప్యాడ్ ఉంటే చాలు. ముడులు నేర్చుకోనక్కర్లేదు, నేర్పేవాళ్ల కోసం వెతకనక్కర్లేదు. ఎత్తు తక్కువ కాబట్టి ప్రమాదమూ తక్కువే అనిపిస్తుంది. ఈ చివరి మాట దగ్గరే నాకు పేచీ. బౌల్డరింగ్‌లో పట్టు తప్పిన ప్రతిసారీ పడేది నేల మీదికే. 3 మీటర్ల ఎత్తు నుంచి పడితే నేలను తాకేసరికి వేగం గంటకు 27 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగంతో ప్యాడ్ అంచు మీద ఒక కాలు, పక్కనున్న రాయి మీద ఇంకో కాలు పడితే చీలమండ ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. టాప్ రోప్‌లో బిలే సరిగ్గా ఉంటే, కొంచెం పైకి వెళ్లాక పట్టు తప్పినా కాస్త కిందికి జారి తాడుకు వేలాడతారు, అంతే. ఊపిరి పీల్చుకుని మళ్లీ అక్కడి నుంచే ఎక్కొచ్చు. కొత్తవాళ్లు పడటం ఖాయం కాబట్టి, పడినా దెబ్బ తగలని పద్ధతిలో నేర్చుకోవడమే మేలు. అందుకే నా ఓటు టాప్ రోప్‌కే. కాకపోతే యాంకర్ కట్టేది ఆ పని బాగా తెలిసిన మనిషై ఉండాలి. ఆ మనిషి దొరక్కపోతే టాప్ రోప్ బౌల్డరింగ్ కంటే ప్రమాదం.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. టాప్ రోప్‌లో మీ బరువంతా మీరు కట్టని యాంకర్ మీద ఉంటుంది. అందుకే ఎక్కే ముందు పైకి వెళ్లి చూపించమని అడగండి. యాంకర్‌కు కనీసం రెండు వేర్వేరు ఆధారాలు ఉండాలి, ఒకటి ఊడినా రెండోది మొత్తం బరువు మోయాలి. రెండు స్లింగులూ (యాంకర్ కట్టే బలమైన నేత పట్టీలు) ఒకే చెట్టుకు చుట్టి ఉంటే అది ఒక ఆధారం కిందే లెక్క. మన బండల మీద మొలిచే చెట్లకు కింద మట్టి లోతు ఉండదు. కాండం లావుగా కనిపించినా వేళ్లు పగుళ్లలో పైపైనే ఉండొచ్చు. తాడు దిగే చోట కారాబైనర్లు (గేటు తెరుచుకునే లోహపు కొక్కేలు) రెండుండాలి, వాటి గేట్లు ఎదురెదురుగా తిరిగి ఉండాలి, లాక్ పడి ఉండాలి. స్లింగు బండ అంచుకు రాసుకునే చోట కింద ఏదైనా గుడ్డ గానీ ప్యాడ్ గానీ వేశారా లేదా చూడండి. ఇవన్నీ అడిగితే విసుక్కునే నిర్వాహకుడి దగ్గర ఎక్కకండి. తెలిసినవాళ్లు ఇలాంటి ప్రశ్నలకు సంతోషిస్తారు, దగ్గరుండి చూపిస్తారు.

తర్వాత కింద జరిగే చెకింగ్. ఎక్కేవాళ్లు, బిలే చేసేవాళ్లు ఒకరినొకరు ప్రతిసారీ చూసుకోవాలి. నడుము బెల్టు తుంటి ఎముకల పైన బిగుతుగా ఉందా? తాడును హార్నెస్‌కు కట్టే ఫిగర్ ఎయిట్ (8 ఆకారపు) ముడిలో రెండు పోగులూ ఒకదాని పక్కన ఒకటి పెనవేసుకోకుండా సాగుతున్నాయా, చివర జానెడు తాడు మిగిలిందా? ముడి హార్నెస్ ముందున్న రెండు లూపుల్లోంచీ వెళ్లిందా? తాడును పట్టి ఆపే బిలే పరికరంలో తాడు సరైన దిశలో ఉందా? కారాబైనర్ లాక్ అయిందో లేదో కంటితో చూస్తే చాలదు, గేటును వేళ్లతో నొక్కి చూడాలి. తాడు రెండో కొసకు కూడా ముడి ఉండాలి. కిందికి దించేటప్పుడు తాడు పొడవు చాలక కొస బిలే పరికరంలోంచి జారిపోవడం అనుభవజ్ఞులకూ జరిగే ప్రమాదమే. బిలే చేసేవాళ్ల బ్రేక్ చేయి (పరికరం దాటి వచ్చిన తాడును పట్టుకునే చేయి) తాడును ఒక్క క్షణం కూడా వదలకూడదు. ఫోన్ మోగినా, ఈగ వాలినా సరే.

ఒక సంగతి చాలామందికి తెలియదు. ఎక్కడానికి వాడే డైనమిక్ తాడు సాగుతుంది. 80 కిలోల బరువు వేలాడితే 10 శాతం దాకా సాగడానికి ప్రమాణాలే ఒప్పుకుంటాయి. 20 మీటర్ల బండ మొదట్లో ఉన్నప్పుడు పైకి వెళ్లి వచ్చే తాడు దాదాపు 40 మీటర్లు. అంటే మొదటి మూడు నాలుగు మీటర్లలో పట్టు తప్పితే తాడు ఉన్నా నేలను తాకే అవకాశం ఉంది. ఆ కాస్త దూరం దాటేదాకా బిలే చేసేవాళ్లు తాడును బాగా బిగించి ఉంచాలి, వెనక ఒకరు చేతులు చాపి నిలబడాలి.

ర్యాపెలింగ్‌ను క్లైంబింగ్ అనుకునేవాళ్లూ ఉన్నారు. వారాంతపు అడ్వెంచర్ ట్రిప్పుల్లో పై నుంచి తాడు పట్టుకుని దిగడమే ఎక్కువగా ఉంటుంది. సరదాగానే ఉంటుంది, కానీ దానివల్ల కాలు ఎక్కడ పెట్టాలో, బరువు ఎటు వేయాలో అలవాటు కాదు. డబ్బు కట్టే ముందు ఎక్కిస్తారా, దింపుతారా అని అడగండి.

బౌల్డరింగ్‌ను నేను పక్కన పెట్టేయమనడం లేదు. ఇండోర్ గోడ మీద కొన్ని నెలలు బౌల్డరింగ్ చేసి, మోకాళ్లు వంచి దిగడం, వెనక్కి దొర్లడం, చేతులు నేలకు ఆనించకుండా ఉండటం శరీరానికి అలవాటైనవాళ్లు బయట గుండ్లతో మొదలుపెట్టొచ్చు. నమ్మకమైన బిలే మనిషి దొరకనివాళ్లకూ అదే దారి, కాకపోతే కాళ్లు నేల నుంచి నడుమెత్తు దాటకుండా. ఆ ఎత్తులో పక్కకు పాకడం మన గ్రానైట్ మీద పాదాల పని నేర్చుకోవడానికి చాలా మంచి సాధన. కింద నిలబడి కాసేవాళ్లు పడే మనిషిని ఎత్తుకోవాలని చూడకూడదు. నడుము దగ్గర చేతులు పెట్టి, తల బండకో రాయికో తగలకుండా ప్యాడ్ వైపు తిప్పితే చాలు. ఎక్కే ముందు గుండు చుట్టూ ఒకసారి తిరిగి దిగే దారి చూసుకోండి. పైకి చేరాక దిగడానికి దారి లేదని తెలిస్తే టెన్షన్ మొదలయ్యేది అప్పుడే.

ఎక్కడ నేర్చుకోవాలి? దగ్గరలో అయితే నాకు భువనగిరే. హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్ల లోపే, నున్నగా వాలిన ఏకశిల. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి శిక్షణ ఈ బండ మీదే. ఈ వాలు కొత్తవాళ్లకు పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ చేతుల బలంతో లాక్కుంటూ పోవడం కుదరదు. మడమలు దించి, అరికాలి ముందుభాగాన్ని రాతికి అదిమి, బరువు కాళ్ల మీద వేసి నిలబడాలి. హంపి బౌల్డరింగ్‌కు పేరున్న చోటు, అక్కడి గ్రానైట్ స్ఫటికాలు వేళ్ల చర్మాన్ని త్వరగా కోసేస్తాయి. బాదామి ఇసుకరాయి గోడల మీద తాడు తగిలించడానికి బోల్టులు కొట్టిన మార్గాలున్నాయి, అది రెండో దశకు బాగుంటుంది. వాన పడితే మాత్రం ఇసుకరాయి తడిసి బలం తగ్గుతుంది, పూర్తిగా ఆరేదాకా ఎక్కకూడదు. నెల రోజులు సెలవు పెట్టగలిగితే ఉత్తరకాశీలోని నెహ్రూ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో 28 రోజుల బేసిక్ కోర్సు ఉంది. అందులో రాతి మీద పాఠాలూ ఉంటాయి, అయితే దాని గురి మంచు పర్వతాల మీద.

ఏ పద్ధతైనా బండతో వచ్చే ప్రమాదాలు మారవు. మన గ్రానైట్ ఎండకు, చలికి ఉల్లిపాయ పొరల్లా విడిపోతుంది. పట్టుకునే ముందు పెచ్చును వేలి కణుపులతో తట్టండి. డొల్లగా మోగితే లాగకండి. కొండ తేనెటీగలు ఇంకా పెద్ద ప్రమాదం. బండ చూరు కింద నల్లటి పెద్ద పట్టు కనిపిస్తే ఆ వైపే వద్దు. పొగ, సెంటు, అరుపులు వాటిని రేపుతాయి. పగుళ్లలో చేయి పెట్టే ముందు లోపలికి చూడండి, తేళ్లు ఉండొచ్చు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం పూట మంచి సమయం. ఎండాకాలం రాయి కాలిపోతుంది, చెమటకు పట్టు జారుతుంది. కోటల దగ్గర అనుమతి అడగాలి, శాసనాలు, రాతి చిత్రాలు ఉన్న బండలను ముట్టుకోకూడదు.

కొనేటప్పుడు ముందు షూస్, ఆ వెంటనే హెల్మెట్. హెల్మెట్ టాప్ రోప్‌లో ఎక్కేవాళ్లకే కాదు, పై నుంచి రాళ్లు రాలే చోట కింద బిలే చేసేవాళ్లకూ కావాలి. హార్నెస్ ఒకసారి వేసుకుని, వేలాడి చూశాక కొనండి. తాడు, యాంకర్ సామాను ఇప్పుడే వద్దు, నేర్పేవాళ్ల దగ్గర ఉంటాయి. చరిత్ర తెలియని పాత తాడు, పాత హార్నెస్ ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. టాప్ రోప్ మీద బిలే చేయడం, ముడులు, దించడం ఎవరూ గుర్తు చేయకుండా వచ్చేశాక గుండ్ల మీద ఎత్తు పెంచుకోవచ్చు. తాడును కింది నుంచి క్లిప్ చేసుకుంటూ వెళ్లే లీడ్ క్లైంబింగ్ ఆ తర్వాతి మాట, దాన్ని మళ్లీ ఒక గురువు దగ్గర మొదటి నుంచి నేర్చుకోవాలి.