ఆన్‌లైన్ డాక్టరేట్: ఈడీడీ మేలా, పీహెచ్‌డీ మేలా?

వారానికి ఒక మెసేజ్ అయినా వస్తుంది. "అక్కా, నువ్వు ఆన్‌లైన్‌లోనే చేశావు కదా, ఈడీడీలో చేరనా, పీహెచ్‌డీలో చేరనా?" (ఈడీడీ అంటే డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్, విద్యారంగంలో ఇచ్చే డాక్టరేట్.) అడిగేవాళ్లలో డాలస్ చుట్టుపక్కల స్కూళ్లలో పనిచేసే మనవాళ్లు ఉన్నారు, కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ చేసినవాళ్లూ ఉన్నారు. అందరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. నేను స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్‌ని, చేసింది ఈడీడీ. నా తక్కెడ కాస్త అటు మొగ్గుతుందని ముందే చెప్తున్నా.

ఈడీడీ అంటే పీహెచ్‌డీ కంటే ఒక మెట్టు కిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. హార్వర్డ్ మొదటి ఈడీడీ పట్టాలు ఇచ్చి నూరేళ్లు దాటింది. అయినా రెండింటికీ ఒకేలాంటి థీసిస్ రాయిస్తుంటే ఇక తేడా ఏముందన్న విమర్శ చాలాకాలం ఉంది. 2007లో ఈడీడీని కొత్తగా తీర్చిదిద్దడానికి యూనివర్సిటీలు కలిసి నడిపే కార్నెగీ ప్రాజెక్ట్ మొదలయ్యాక చాలా యూనివర్సిటీలు ఈడీడీని మార్చుకున్నాయి. మన స్కూల్లోని సమస్యనే తీసుకుని మొదటి ఏడాది నుంచే దాని మీద పనిచేయిస్తాయి. జాన్స్ హాప్‌కిన్స్ ఆన్‌లైన్ ఈడీడీ ఈ తరహాదే.

నేనైతే చూడమనేది ఒక్కటే: కోర్సులు అయిపోయాక డిసర్టేషన్ (థీసిస్) ఎలా నడుస్తుంది? ఇక్కడ ఏబీడీ అనే మాట ఒకటుంది, ఆల్ బట్ డిసర్టేషన్. విస్తట్లో అన్నీ వడ్డించి అన్నం దగ్గర ఆగిపోయిన భోజనం లాంటిది. కోర్సులున్నంతకాలం వారం వారం డెడ్‌లైన్లు మనల్ని తోస్తాయి. ఆ తర్వాత మిగిలేది మనమూ, మన చైరూ (ఇండియాలో గైడ్ అంటాం కదా, ఆయనే). క్యాంపస్ అయితే గది బయట కాపు కాయొచ్చు. ఆన్‌లైన్‌లో మెయిల్ పెట్టి ఎదురుచూడాలి. ఈలోగా చాలాచోట్ల టర్మ్‌కి ఇంతని ఫీజు పడుతూనే ఉంటుంది. 2024లో ఒక పెద్ద ఆన్‌లైన్ యూనివర్సిటీ, బిజినెస్ డాక్టరేట్ విద్యార్థులను కావాలని సాగదీసిందన్న కేసులో 2.85 కోట్ల డాలర్లకు రాజీపడింది.

ఈ విషయంలో ఈడీడీకే నా ఓటు. అంశం ముందే తేలుతుంది, బ్యాచ్ అంతా కలిసి నడుస్తుంది. పీహెచ్‌డీలో చాలామందికి కోర్సులయ్యాకే అంశం వెతుకులాట మొదలవుతుంది.

ఈడీడీకి తిప్పలు లేవని కాదు. నేను నా క్లాసు పిల్లల తల్లిదండ్రులనే ఇంటర్వ్యూ చేద్దామనుకున్నా. ఐఆర్‌బీ, అంటే పరిశోధనలో మనుషులకు ఇబ్బంది కలగకుండా చూసే కమిటీ, కాగితాలు వెనక్కి పంపింది. "తమ బిడ్డకు మార్కులు వేసే టీచర్ అడిగితే, ఆ తల్లి వద్దనగలదా?" అని ఒక్క వాక్యం రాశారు. జవాబు లేదు నా దగ్గర. చివరికి వేరే స్కూల్ తల్లిదండ్రులను వెతుక్కున్నాను. స్కూళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ అనుమతి మళ్లీ వేరే. ఒక సెమిస్టర్ అలా పోయింది. మనం పనిచేసే చోటే పరిశోధన చేద్దామనుకుంటే ఈ బెడద తప్పదు.

కౌన్సెలింగ్ వాళ్ల లెక్క వేరు. లైసెన్సుకు మాస్టర్స్ చాలు, క్లయింట్లను చూడటానికి డాక్టరేట్ అక్కర్లేదు. రేపటి కౌన్సెలర్లకు యూనివర్సిటీలో పాఠం చెప్పాలనుంటే మాత్రం కౌన్సెలర్ ఎడ్యుకేషన్ పీహెచ్‌డీయే, అదీ కేక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్నదే చేయండి. ఈడీడీతో సరిపెట్టుకోవద్దు. ఆన్‌లైన్ అయినా 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో చేసే ప్రాక్టీస్), 600 గంటల ఇంటర్న్‌షిప్ తప్పవు. సైకాలజిస్ట్ కావాలనుకునేవాళ్లు అసలు ఇటు రావద్దు, పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే ప్రోగ్రాములకు ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) గుర్తింపు ఇవ్వదు.

ఇండియాకు వెళ్లిపోయి బీఎడ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరదామనుకుంటే అక్కడే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చూసుకోండి. మూడేళ్లకు తగ్గదు, ఉద్యోగంలో ఉంటే ఎన్‌వోసీ కావాలి. 2022 యూజీసీ నిబంధనలు దూరవిద్య, ఆన్‌లైన్ పీహెచ్‌డీలను ఒప్పుకోవు. ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ యూనివర్సిటీలతో కలిసి ఇచ్చేవీ చెల్లవని అదే ఏడాది అక్టోబరులో యూజీసీ, ఏఐసీటీఈ కలిసి హెచ్చరించాయి. ఇక మూడు నెలల్లో ఇంటికొచ్చే గౌరవ డాక్టరేట్లంటారా, ఫ్లెక్సీకి తప్ప పనికిరావు.

చేరేముందు రెండు చోట్ల నేను ఇవే అడిగాను: చైర్‌ను ఎప్పుడు ఇస్తారు, ఒక్కొక్కరి కింద ఎంతమంది ఉంటారు, డ్రాఫ్ట్ పంపితే ఎన్నిరోజుల్లో చూస్తారు? ఒకచోట నుంచి బ్రోషర్ వచ్చింది. రెండోచోట డైరెక్టరే ఫోన్ చేసి, "పది పనిదినాలు. దాటితే నాకు ఫోన్ చెయ్యండి" అన్నారు. అక్కడే చేరాను. దాటింది, రెండుసార్లు. రెండుసార్లూ ఫోన్ చేశాను.