ఎర్ర ప్లగ్గు, మూడు ఫేజులు: గ్యారేజీ చార్జర్ వాడాక నా మాట

జర్మనీలో అద్దె ఇంట్లో ఉంటూ ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు మొదట అడిగేది వాల్‌బాక్స్ గురించే, అంటే గోడకు శాశ్వతంగా బిగించే చార్జర్. నేను ఆ జోలికి పోలేదు. స్టట్‌గార్ట్ దగ్గర మేముంటున్న ఇంటి గ్యారేజీలో, ఓనరు ఒకప్పుడు కట్టెలు కోసే రంపం కోసం పెట్టించుకున్న ఎర్ర సాకెట్ ఉంది. ఐదు పిన్నులు, 400 వోల్టులు, 16 ఆంపియర్లు. దానికి తగిలించే 11 కిలోవాట్ల పోర్టబుల్ చార్జర్ కొన్నాను. కారు రేంజి, స్క్రీను, సీట్ల గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను ఈ ఎర్ర ప్లగ్గు సంగతే రాస్తాను.

అదంటే నాకు భలే ఇష్టం. మొదట్లో గోడకున్న మామూలు సాకెట్‌తోనే నెట్టుకొచ్చాను. దాని మీద గంటల తరబడి 10 ఆంపియర్లకు మించి లాగడం మంచిది కాదు. అంటే 2.3 కిలోవాట్లు. అందులోనూ కొంత కారు ఎలక్ట్రానిక్స్‌కే ఖర్చయిపోతుంది. 60 యూనిట్ల బ్యాటరీ ఖాళీ అయితే ఒక రాత్రి చాలదు, మర్నాటి రాత్రి కూడా కావాలి. ఎర్ర ప్లగ్గులో ఒక్కో ఫేజ్ మీద 16 ఆంపియర్లే, కానీ మూడూ కలిస్తే 11 కిలోవాట్లు. పడుకోబోయే ముందు పెడితే తెల్లారేసరికి నిండిపోతుంది. అమెరికాలో ఉన్న మా బావమరిదికి ఇదే వేగం కావాలంటే 240 వోల్టుల మీద 48 ఆంపియర్లు లాగాలి. దానికి 60 ఆంపియర్ల సర్క్యూట్, లావుపాటి వైరు. అక్కడి ఇళ్లకు మామూలుగా మూడు ఫేజులు రావు. ఇక్కడ వంటింట్లో కరెంటు పొయ్యికి కూడా మూడు ఫేజులు ఇస్తారు.

కొనబోయేవాళ్లు ఒక్కటి చూసుకోవాలి. చార్జర్ అంటున్నాం గానీ, కేబుల్ మధ్యలో ఉండే ఆ పెట్టె ఎంత కరెంటు లాగొచ్చో కారుకు చెబుతుంది, అంతే. ఏసీని డీసీగా మార్చే అసలు చార్జర్ కారులోనే ఉంటుంది. అది సింగిల్ ఫేజ్‌దైతే ఎర్ర ప్లగ్గు పెట్టినా వచ్చేది 3.7 కిలోవాట్లే. మా ఆఫీసులో ఒకాయన ప్లగిన్ హైబ్రిడ్ పరిస్థితి అదే, మిగతా రెండు ఫేజులూ ఖాళీగా ఉంటాయి. ఇండియాలో 7.2 కిలోవాట్ల హోమ్ చార్జర్ ఒకే ఫేజ్ మీద 32 ఆంపియర్లు లాగుతుంది కదా, ఇక్కడా అలా చేద్దామంటే కుదరదు. ఒక్క ఫేజ్ మీదే అంత భారం వేయనివ్వరు, 4.6 కేవీఏ (దాదాపు 4.6 కిలోవాట్లు) దగ్గర గీత గీశారు.

మొన్నటి చలికాలం దాకా అడిగినవాళ్లందరికీ "వాల్‌బాక్స్ దండగ, ఎర్ర సాకెట్ ఉంటే చాలు" అనే చెప్పేవాణ్ని. జనవరిలో ఒక రాత్రి, బయట మైనస్ ఎనిమిది. ప్లగ్ పెట్టి లోపలికొచ్చి, పడుకోబోతూ యాప్ తెరిస్తే చార్జింగ్ పూర్తయ్యేది మర్నాడు మధ్యాహ్నానికని చూపిస్తోంది. పొద్దున్నే ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టుకు వెళ్లాలి, అత్తయ్యగారూ మామయ్యగారూ దిగుతున్నారు. ఒకవైపే రెండొందల కిలోమీటర్లు. టెన్షన్ మొదలైంది. పెట్టె మీద ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. ఆంపియర్లు 16 అనే ఉంది. కిలోవాట్లు మాత్రం 3.6. ప్లగ్ తీసి పెట్టాను, కారు లాక్ చేసి తీశాను, చలికి చేతులు కొంకర్లు పోయాయి తప్ప ఆ అంకె కదల్లేదు.

వచ్చినంత చార్జింగ్‌తోనే బయల్దేరాం. దారిలో ఒకసారి ఆగితే సరిపోయేది, రెండుసార్లు ఆగాం. హైవే మీద ఫాస్ట్ చార్జింగ్ రేటు ఇంటి కరెంటు కన్నా బాగా ఎక్కువ, అదొక మంట. తిరిగొస్తూ చార్జింగ్‌కు ఆగిన చోట, అంతసేపు విమానంలో కూర్చుని వచ్చిన అత్తయ్యగారు చుట్టూ చూసి "ఇంట్లో కరెంటు లేదా నాయనా?" అన్నారు. మామయ్యగారు మాత్రం అంకెలు అడిగారు. ఆయనది పల్నాడులో వ్యవసాయం, బోరు మోటారుతోనే జీవితం గడిచింది. "పదకొండు రావాల్సిన చోట మూడున్నరా? అయితే ఫేజ్ పోయుంటుంది అల్లుడుగారూ. ఫీజులు చూశారా?" అన్నారు.

ఇంటికెళ్లి చూస్తే అదే. గ్యారేజీ లైనుకు బోర్డులో పాతకాలపు పింగాణీ ఫ్యూజులున్నాయి, ఫేజ్‌కు ఒకటి చొప్పున మూడు, మరమూతలతో. ఒక్కో మూతకు చిన్న గాజు కిటికీ, దాని వెనక బూడిద రంగు చుక్క, అది 16 ఆంపియర్ల గుర్తు. రెండింటిలో చుక్క ఉన్నచోటే ఉంది. మధ్యదానిలో ఊడి కిందికి జారింది. ఆ మూత అంచు గోధుమ రంగుకు తిరిగింది. మూడూ విడివిడి ఫ్యూజులు కాబట్టి ఒకటి పోయినా మిగతావి మామూలుగా ఉన్నాయి. పెట్టెకు తన కరెంటు మొదటి ఫేజ్ నుంచే వస్తుంది, అందుకే లైటు ఆకుపచ్చగానే ఉంది. కారు మాత్రం ఒక ఫేజ్ తగ్గిందని చూసి సింగిల్ ఫేజ్‌కు దిగింది. "మోటారైతే ఈపాటికి వైండింగ్ కాలి వాసనొచ్చేది" అన్నారు మామయ్యగారు. కారుకు ఆ భయం లేదు. గోడ నుంచి వచ్చే కరెంటు చక్రాలు తిప్పే మోటారుకు వెళ్లదు, డీసీగా మారి బ్యాటరీలోకి పోతుంది. ఫేజ్ పోతే నిదానిస్తుంది, అంతే.

ఎలక్ట్రీషియన్ వచ్చి చెప్పింది తేలిగ్గా అర్థమైంది. రంపం పది నిమిషాలు తిరిగి ఆగేది. కారు రాత్రంతా గంటల తరబడి పూర్తి 16 ఆంపియర్లు ఆపకుండా లాగుతుంది. మూత కాస్త వదులైనా అక్కడ వేడి పుడుతుంది. ఆ మూడు ఫ్యూజులూ తీసేసి మూడు ఫేజులకూ కలిపి ఒకే బ్రేకర్ పెట్టాడు, ఇప్పుడు ఏ ఫేజ్‌లో లోడు ఎక్కువై పడినా మూడూ ఒకేసారి పడతాయి. ఖర్చు ఓనరు సగం, మేం సగం. గ్యారేజీకి వచ్చే వైరు పాతది కాబట్టి చార్జర్‌ను 13 ఆంపియర్లకు తగ్గించుకోమన్నాడు. అంటే 9 కిలోవాట్లు. ఖాళీ బ్యాటరీ నిండటానికి గంటకు పైగా ఎక్కువ పడుతోంది, నిద్రలో తెలియదు. 11 కిలోవాట్లని పెట్టె మీద రాసుంది గానీ మా గ్యారేజీలో ఇప్పుడది 9.

వాల్‌బాక్స్ దండగ అన్న మాట ఇప్పుడు అంత గట్టిగా అనడం లేదు. పక్కింటివాళ్లు 2021లో ప్రభుత్వం ఇచ్చిన 900 యూరోల సాయంతో పెట్టించుకున్నారు. లైను, బ్రేకరు, కరెంటు లైన్ల కంపెనీకి రాయడం అన్నీ మొదటిరోజే వాళ్ల ఎలక్ట్రీషియన్ చూసుకున్నాడు. వాళ్ల డబ్బు వెళ్లింది సగం పెట్టెకే, సగం ఆ తనిఖీకి.

చిన్న చిరాకులూ ఉన్నాయి. చలికాలం కేబుల్ బిర్రబిగుసుకుపోయి చుట్టడానికి రాదు. మామూలు సాకెట్ అడాప్టర్ పెడితే పెట్టె తనే 10 ఆంపియర్లకు దిగుతుంది, అది బాగుంది. మార్కెట్లో దొరికే చవక అడాప్టర్లు పెడితే మాత్రం అవతల ఏ సాకెట్ ఉందో దానికి తెలియదు, వాటి జోలికి వెళ్లొద్దు.

నా వరకైతే ఇది మళ్లీ కొంటాను. అద్దె ఇల్లు, ఎప్పుడు మారతామో తెలియదు, మారితే పెట్టె బ్యాగులో వస్తుంది. చార్జింగ్ పాయింట్ కావాలని ఓనరును అడిగే హక్కు 2020 డిసెంబర్ నుంచి అద్దెవాళ్లకూ ఉంది, కానీ ఖర్చు మనదే. సొంత ఇల్లు, పైన సోలార్ ప్యానెళ్లు ఉన్నవాళ్లకు నా సలహా పనికిరాదు. చార్జింగ్‌కు కనీసం 6 ఆంపియర్లు కావాలి. మూడు ఫేజుల మీద అది 4.1 కిలోవాట్లు, మబ్బు పట్టిన రోజు ప్యానెళ్లు అంత ఇవ్వవు. అలాంటప్పుడు 1.4 కిలోవాట్లకే మొదలయ్యేలా తనంతట తను ఒక ఫేజ్‌కు మారే వాల్‌బాక్స్ కావాలి, నా పెట్టెకు ఆ విద్య రాదు. ఇక కొత్త ఇంటి గ్యారేజీలో ఎర్ర సాకెట్ లేకపోతే నేను కూడా మళ్లీ 2.3 కిలోవాట్ల లెక్కలే వేసుకోవాలి.