వెనిస్ దీవుల బోట్ ట్రిప్: గైడ్‌తో ఒకసారి, మాకు మేముగా ఒకసారి

మన బెజవాడ నుంచి యూరప్ టూర్లకి ఈ మధ్య చాలామందే వెళ్తున్నారు, వెనిస్ ఉంటే మాత్రం మురానో, తోర్చెల్లో, బురానో అని మూడు దీవుల బోట్ ట్రిప్ ఒకటి అదనంగా డబ్బు కట్టించుకుని చూపిస్తారు. నేనూ మా ఆయనా మా అత్తయ్యా కిందటి మే నెలలో వెళ్ళాం. వరసగా రెండు రోజులు వెళ్ళాం, మొదటిరోజు గైడ్‌తో, రెండోరోజు మామూలు సర్వీసు బోటులో, అందుకే తేడా తెలిసి రాస్తున్నా.

వెనిస్ లోపల రూములు బాగా రేటు కాబట్టి మెస్త్రే స్టేషన్ పక్కన దిగాం, అక్కడ్నుంచి రైల్లో పది నిమిషాలే. రూము చిన్నది, శుభ్రంగా ఉంది, అంతకంటే చెప్పేదేం లేదు.

గైడ్ అమ్మాయి మంచిదే గానీ నాలుగు భాషల్లో చెప్పాలి, మనకి ఇంగ్లీషులో చెప్పే టైముకి ఆ చూపించేది కాస్తా వెనక్కి వెళ్ళిపోతుంది. ముందు మురానో. ఊళ్ళో అగ్గి అంటుకుంటుందన్న భయంతో 1291లో వెనిస్ వాళ్ళు గాజు కొలుములన్నీ ఈ దీవికి మార్పించేశారట, అప్పట్నుంచీ గాజంటే మురానోనే. కొలిమి దగ్గర ఒకాయన ఇనప గొట్టం చివర తేనెరంగు ముద్ద తీసి పటకారుతో ఇలా లాగి అలా నొక్కి రెండు నిమిషాల్లో గుర్రాన్ని నిలబెట్టేశాడు, కళ్ళు చాల్లేదు నాకు. కానీ అదంతా కలిపి పావుగంటే, తర్వాత షోరూంలో అరగంట, కొనమని వెనకాలే తిరిగారు, అక్కడ చాలా ఇబ్బందిగా అనిపించింది. కొనేవాళ్ళు 'వెత్రో ఆర్తిస్తికో మురానో' అనే ముద్ర ఉందో లేదో చూసుకోండి, 1994లో అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం తెచ్చిన గుర్తు అది. మన కొండపల్లి బొమ్మలవాళ్ళయితే పొణికి చెక్క చెక్కుతూ, మక్కు ముద్దతో అతికిస్తూనే మనతో మాట్లాడతారు, ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు, నాకు అదే గుర్తొచ్చింది.

తోర్చెల్లోలో 639లో స్థాపించిన పాత చర్చి ఉంది, మొజాయిక్‌లు చాలా బావున్నాయి, దీవి అంతా నిశ్శబ్దంగా ఉంటుంది. టికెట్ విడిగా కొనుక్కోవాలి.

అసలు సంగతి బురానో. రంగురంగుల ఇళ్ళు అందరికీ ఫోటోల్లో తెలుసు, ఆ దీవికి పేరుప్రఖ్యాతులు మాత్రం లేసు వల్ల వచ్చాయి. మా అత్తయ్యది నరసాపురం వైపు, పెళ్ళికి ముందు నుంచీ క్రోషియా లేసు అల్లిన చెయ్యి. షాపులో వేలాడుతున్న గుడ్డ తిరగేసి చూసి, "ఇది మిషన్‌దమ్మాయ్, చేత్తో అల్లితే ఇంత ఒక్కలాగా రాదు, ఎక్కడో ఒకచోట చెయ్యి తెలుస్తుంది" అన్నారు. మరి చేత్తోది ఎక్కడ దొరుకుతుందని అడిగేలోపే గైడ్ టైమైపోయిందని పిలిచింది, బురానోకి ఇచ్చింది నలభై నిమిషాలే. తిరిగొచ్చేదాకా అత్తయ్య మాట్లాడలేదు, నాకు మనసు ఊరుకోలేదు.

మర్నాడు మిగతావన్నీ మానేసి వెనిస్‌లో ఫోందామెంతే నోవే అనే బోటు స్టాపు నుంచి 12 నంబరు బోటెక్కాం, ముప్పావుగంటలో బురానో. ఒకసారి టికెట్ తొమ్మిదిన్నర యూరోలు, 75 నిమిషాలే పనిచేస్తుంది, కాబట్టి 25 యూరోల రోజు పాస్ తీసుకోండి. లేసు మ్యూజియం గలుప్పి చౌక్‌లో ఉంది, 1872లో పెట్టిన లేసు స్కూలు నడిచిన చోటే. లోపల ఒక పెద్దావిడ ఒళ్ళో గుండ్రటి దిండు పెట్టుకుని సూదితో కుడుతోంది. కింద గుడ్డ, పైన కాగితం మీద డిజైను, ఆ గీతల మీద దారం పరిచి, గుడ్డని గుచ్చకుండా దారాల మధ్యే గాల్లో కుట్టుకుంటూ పోతుంది, అయ్యాక కింద దారాలు తెంపేస్తే లేసు ఒక్కటే చేతికొస్తుంది. దాన్ని 'గాల్లో కుట్టు' అనే అంటారు వాళ్ళ భాషలో. మన క్రోషియా పూర్తిగా వేరు, కొక్కెంతో దారం లాగి అల్లేదే.

అత్తయ్య హ్యాండ్‌బ్యాగులోంచి తను అల్లిన చిన్న గుండ్రటి లేసు తీసి ఇచ్చారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ముందు దాన్ని తిరగేసి వెనకవైపు చూసింది, నిన్న షాపులో అత్తయ్య చేసినట్టే. తర్వాత ఇద్దరూ చెరో భాషలో మాట్లాడుకుంటూ, వేళ్ళు చూపించుకుంటూ గంట కూర్చున్నారు.

బయట ఒక షాపులో చేత్తోదే కావాలని గట్టిగా అడిగితే లోపల్నుంచి పెట్టె తెచ్చారు. అరచేతిలో సగం కూడా లేని పువ్వు, రేటు విని మా ఆయన బేరం మొదలెట్టబోతే అత్తయ్య ఆపేశారు. "మేం అల్లింది బయట ఎంతకి అమ్మేవాళ్ళో మాకెప్పుడూ చెప్పలేదురా, దీన్ని కుట్టినావిడకైనా అడిగినంత రానీ" అన్నారు.

తిండి విషయం, చేప రిసోట్టో అనే అన్నం వంటకం అక్కడ ఫేమస్, మేము శాకాహారం కాబట్టి బుస్సొలా అనే రింగు బిస్కెట్లూ కాఫీతో సరిపెట్టుకున్నాం, వెన్న బాగా వేస్తారు, బావున్నాయి. పెద్దవాళ్ళు ఉంటే సాయంత్రం నాలుగులోపే తిరుగు బోటెక్కేయండి, మేము లేటయ్యి క్యూలో నలభై నిమిషాలు నిలబడ్డాం, కూర్చోడానికి చోటు కూడా లేదు.