గోడ లోపలి భద్రతా, గోడ బయటి ఊరా? విశాఖ పరిశోధనకు ఏది మేలు?

మౌలిక వసతుల రక్షణ మీద ఎంటెక్ ప్రాజెక్టో, పీహెచ్‌డీయో చేయాలనుకునే విశాఖ విద్యార్థికి రెండు దారులున్నాయి. రిఫైనరీ, పోర్టు, పవర్ ప్లాంటు లాంటి చోట్ల శత్రువు చొరబడకుండా చూసేది ఒకటి. ఇందులోకి కెమెరాలు, డ్రోన్లు, సైబర్ భద్రత వస్తాయి. అక్కడ ఏదైనా జరిగితే చుట్టూ ఉన్న ఊరు ఎలా బతికి బయటపడాలో చూసేది రెండోది. నా ఓటు రెండోదానికే.

పేరూ నిధులూ మొదటిదానికి ఎక్కువ. అమెరికాలో 2002 హోంల్యాండ్ సెక్యూరిటీ చట్టంలోనే యూనివర్సిటీ పరిశోధన కేంద్రాలకు చోటు కల్పించారు. వాటిలో తొలి కేంద్రం 2004లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో మొదలై, ఉగ్రవాద ముప్పునూ దానివల్ల కలిగే ఆర్థిక నష్టాన్నీ అంచనా వేసే పని చేపట్టింది. మన దేశంలో కీలక సమాచార వ్యవస్థల రక్షణకు 2014లో ఎన్‌సీఐఐపీసీ అనే జాతీయ కేంద్రం ఏర్పడింది.

విశాఖలో ఈ దారి పట్టిన విద్యార్థికి డేటా దగ్గరే పని ఆగిపోతుంది. తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే ఉంది, నౌకాదళ ఆయుధాల మీద పరిశోధించే డీఆర్‌డీఓ ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్ ఇక్కడే ఉంది. వాళ్లు వివరాలు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. స్టీల్ ప్లాంటు, పోర్టు కాపలా సీఐఎస్‌ఎఫ్ చూసుకుంటోంది. చివరికి నెట్‌లో దొరికిన వీడియోల మీద కెమెరా ప్రోగ్రామ్ పరీక్షించి థీసిస్ ముగించాల్సి వస్తుంది.

సైబర్ సంగతి కొంత వేరు. 2015 డిసెంబరులో ఉక్రెయిన్‌లో హ్యాకర్లు సబ్‌స్టేషన్లలో కరెంటు ఆపే స్విచ్‌లైన బ్రేకర్లను దూరం నుంచే తెరిచి సుమారు 2.25 లక్షల కనెక్షన్లకు కరెంటు ఆపేశారు. ఇలాంటి దాడుల్ని చదవడానికి ఐఐటీ కాన్పూర్‌లో ప్రయోగ వేదికలున్నాయి. సింగపూర్‌లో ఒక యూనివర్సిటీ చిన్న నీటిశుద్ధి ప్లాంటే కట్టి, దాని డేటాను పరిశోధకులకు ఇస్తోంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

ఇక రెండో దారి. 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై పేలినప్పుడు సుమారు 60 మంది చనిపోయారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురం నిద్రలో ఉండగా పక్కనున్న ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ రసాయనం ఆవిరి ఊళ్లోకి వచ్చింది. 12 మంది ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా శత్రువు ఎవరూ లోపలికి రాలేదు. స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి నేలబారుగా పాకుతుంది. జనం ఎటు పరుగెత్తాలన్నది ఆ రాత్రి గాలి ఎటు వీస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. మన ఊరు ఒకవైపు సింహాచలం కొండలు, మరోవైపు యారాడ కొండ మధ్య గిన్నెలా ఉంది. పగలు సముద్రం గాలి, రాత్రి నేల గాలి. ఈ తీరును వాడవాడకూ లెక్కగట్టడం ఇక్కడి యూనివర్సిటీలు చేయాల్సిన పని. గ్యాస్ వ్యాప్తిని అంచనా వేసే అలోహా సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. వాతావరణ శాఖ రికార్డులున్నాయి. ఎవరి రహస్యమూ అడగక్కర్లేదు.

హుద్‌హుద్ తుపాను ఇంకో పాఠం నేర్పింది. 2014 అక్టోబరు 12న కరెంటు స్తంభాలు కూలాయి. దాంతో నీళ్ల పంపులు ఆగాయి, మొబైల్ టవర్లు మూగబోయాయి, పెట్రోలు బంకుల ముందు క్యూలు పెరిగాయి. తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో భూగర్భ కేబుళ్లు వేయడం మొదలైంది. తీగలు భూమిలోకి వెళ్లినంత మాత్రాన ఒకదాని మీద ఒకటి ఆధారపడటం పోదు. ఏ సబ్‌స్టేషన్ ఆగితే ఏ పంప్‌హౌస్, ఏ ఆసుపత్రి ఆగుతాయో గీసి చూపే పని మిగిలే ఉంటుంది. ఒక్కో శాఖ తన వైరు, తన పైపు చూసుకుంటుంది. వాటి మధ్య లింకులు చూడాల్సింది యూనివర్సిటీయే అని నేను గట్టిగా నమ్ముతాను.

దీనికి చట్టం అండ కూడా ఉంది. ప్రమాదకర రసాయనాల మీద 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీ బయటి అత్యవసర ప్రణాళిక తయారుచేయడం జిల్లా యంత్రాంగం బాధ్యత. చుట్టుపక్కల జనానికి ప్రమాదం గురించి ముందే చెప్పాలని కూడా అందులో ఉంది. అందుకే కెమికల్, సివిల్, జాగ్రఫీ విభాగాలు కలిసి ఒక్క ఫ్యాక్టరీ చుట్టూ రెండు కిలోమీటర్లతో మొదలుపెట్టినా చాలు. గైడ్‌ను ఎంచుకునేటప్పుడే, ఫలితాన్ని కలెక్టరేట్‌కు తీసుకెళ్తారా అని అడగండి. ఏ గాలికి ఎటు వెళ్లాలో చూపే మ్యాపును తెలుగులో ఒక్క పేజీగా వార్డు సచివాలయంలో అంటించడం కూడా ప్రాజెక్టులో భాగంగానే రాసుకోండి.