నాన్నతో మోయాబ్, ఆ తర్వాత సౌత్ టిరోల్

డాలస్‌లో మా వీధిలో మొదటిరోజు వాకింగ్ చేసి రాగానే నాన్న అడిగారు, "ఏరా, ఈ బండ్లలో ఏం మోస్తారు?" అని. మా వరసలో పన్నెండు ఇళ్లుంటే ఏడిళ్ల ముందున్నవి వెనక తొట్టి ఉండే పికప్‌లే. ఒక్కదాని తొట్టి మీద కూడా గీత కనిపించదు. నాన్నది గుంటూరు జిల్లాలో మిర్చి సేద్యం. మా ట్రాక్టర్ ట్రక్కు అడుగు రేకు ఇప్పటికి రెండుసార్లు మార్పించారు. గీతపడని తొట్టి అంటే ఆయనకు పనిలేని తొట్టి.

అమెరికాలో ట్రక్ అంటే మన లారీ ఒక్కటే కాదు, ఈ పికప్ కూడా. ఫోర్డ్ ఎఫ్ సిరీస్ 1977 నుంచి ఇక్కడి పికప్‌ల అమ్మకాల్లో మొదటి స్థానం వదల్లేదు. పక్కింటాయన ఏడాదికి రెండుసార్లు పడవ లాగడానికి, ఒకసారి కొడుకు సామాను కాలేజీకి చేర్చడానికి తన పికప్ వాడతారు. మిగతా రోజులన్నీ అందులోనే ఆఫీసుకి. "ఎప్పుడో అవసరం పడుతుందని రోజూ ఇంత బండి తిప్పుతారా?" అన్నారు నాన్న. మేలో యూటా వెళ్లాం. జులై మొదటివారంలో అమ్మానాన్నలను ఇండియాకు పంపే దారిలో జర్మనీ, ఇటలీ చూశాం. యూరప్ తిరగడానికి కావలసిన షెంగెన్ వీసాలు వాళ్లు హైదరాబాద్‌లోనే ముందుగా తీసుకుని వచ్చారు. రెండు ట్రిప్పుల్లోనూ నాన్న ఆ ప్రశ్న వదల్లేదు.

సాల్ట్ లేక్ సిటీ ఎయిర్‌పోర్ట్ నుంచి యూటాలోని మోయాబ్ ఊరికి కారులో నాలుగు గంటలు. ఎయిర్‌పోర్ట్‌లో తీసుకున్న అద్దె కారుతో మట్టిరోడ్డు ఎక్కకండి. తారురోడ్డు దిగకూడదని మామూలుగా ఒప్పందంలోనే రాసి ఉంటుంది, దిగాక ఏదైనా జరిగితే ఖర్చంతా మన నెత్తినే. మోయాబ్‌లో జీప్‌లు అద్దెకిచ్చే షాపులు వేరే ఉన్నాయి. మేం ర్యాంగ్లర్ రూబికాన్ అనే జీప్‌ని రోజుకి 290 డాలర్లకు తీసుకున్నాం. ఖరీదే, కానీ ఆ డబ్బుకి తగ్గ సర్వీస్ దొరికింది. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మా దగ్గర అరగంట కూర్చుని, ఏ బాట మాకు సరిపోతుందో, ఏది వద్దో మ్యాప్ మీద గీసి చూపించింది. దిగుడులో బ్రేక్ తొక్కుతూ కూర్చోకుండా లో గేర్‌లో బండిని ఎలా దించాలో పార్కింగ్‌లోనే నేర్పింది. దారిలో సిగ్నల్ ఉండదని నీళ్ల క్యాన్ కూడా ఎక్కించింది.

కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్‌లో షేఫర్ ట్రయిల్ దిగాం. కొండ అంచుని చెక్కి వేసిన మట్టిబాట అది. వెయ్యి అడుగులకు పైగా లోయలోకి దిగుతుంది, పక్కన గోడ లేదు. ఒకప్పుడు పశువుల్ని తోలిన దారి, 1950లలో యురేనియం ఖనిజం మోసే లారీల కోసం వెడల్పు చేశారు. మోయాబ్ చుట్టూ ఇప్పుడు జీప్‌లు తిరిగే బాటల్లో చాలావాటిని వేసింది ఆ యురేనియం వెతుకులాటలోనే. పైకెక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది నియమం. రెండుచోట్ల మేం వెనక్కి జరగాల్సి వచ్చింది. అమ్మ కళ్లు మూసుకుని హనుమాన్ చాలీసా చదువుకుంది. నాన్న కిటికీ దించి కింది ఎర్ర నేల వైపే చూస్తూ కూర్చున్నారు. "నేలంతా ఎవరిది?" అన్నారు. యూటాలో దాదాపు మూడింట రెండొంతుల నేల కేంద్ర ప్రభుత్వానిది. పార్క్ బయట ఉన్న ఆ నేలలో చాలాచోట్ల గేటు లేదు, టికెట్ లేదు, గుర్తు పెట్టిన బాట మీద ఎవరైనా వెళ్లొచ్చు. బాట మాత్రం దాటకూడదు. అక్కడి మట్టి మీద నల్లగా గరుకుగా కనిపించే పొర బతికున్న పొర, చక్రం పడితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ఈ బండ్ల మీద ఇక్కడివాళ్లకున్న ప్రేమ నాకు ఆ లోయలోనే అర్థమైంది. ఇంత నేల అందరి కోసం తెరిచి ఉంటే, అక్కడిదాకా చేర్చే బండి మీద మనసుపడటం సహజం.

బస విషయంలో పొరపాటు చేశాం. మెయిన్ స్ట్రీట్ మీద 165 డాలర్ల మోటెల్. గది శుభ్రంగా ఉంది కానీ, యూటాలో యూటీవీలు (మట్టిబాటల కోసం చేసిన చిన్న బండ్లు) ఊరి రోడ్ల మీద తిరగడానికి చట్టం ఒప్పుకుంటుంది, పొద్దున ఆరింటి నుంచే వాటి మోత. కాన్యన్‌ల్యాండ్స్ లోపలికి వాటిని రానివ్వరు, అది నాకు చాలా నచ్చింది. రెండు వీధులు అవతల గది తీసుకోండి. ఈస్టర్ ముందు వారం ఊరికి వెళ్లకపోవడం మంచిది. 1967 నుంచి జరుగుతున్న ఈస్టర్ జీప్ సఫారీ అనే జీప్‌ల జాతర అప్పుడే, గదులు దొరకవు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో నేను చిన్న కారు బుక్ చేస్తే, అద్దె కంపెనీవాళ్లు 'ఫ్రీ అప్‌గ్రేడ్' అంటూ పెద్ద ఎస్‌యూవీ అంటగట్టారు. చిన్నదే కావాలని గట్టిగా అడిగినా లేదన్నారు. హోటల్ సెల్లార్ పార్కింగ్‌లో నాన్న దిగి చేత్తో సైగలు చేస్తే తప్ప బండి లోపల పట్టలేదు. పెట్రోల్ లీటరు 1.75 యూరోలు, అంటే డాలస్‌లో మేం పోయించే ధరకు రెట్టింపు కంటే ఎక్కువ. ఇక్కడ పెద్ద బండంటే ముఖం చిట్లించేది అందుకే అనిపించింది. పారిస్‌లో అయితే 2024 ఫిబ్రవరిలో ఓటింగ్ పెట్టి మరీ, బయటి నుంచి వచ్చే బరువైన కార్లకు నగరం మధ్యలో పార్కింగ్ గంటకు 18 యూరోలు చేశారు.

జర్మనీలోనే గాగెనౌలో ఉన్న ఉనిమోగ్ మ్యూజియం కోసమే ఒకరోజు పెట్టుకున్నాం, పెట్టుకుని మంచిపని చేశాం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో జర్మన్ రైతుల కోసం తయారైన బండి ఉనిమోగ్. రెండు సాళ్ల బంగాళాదుంపలకు సరిపడేలా దాని చక్రాల మధ్య దూరం పెట్టారు. బోర్డు మీద ఉన్నది నేను తెలుగులో చెప్పగానే నాన్న ఆగిపోయారు. "సాలు కొలిచి బండి చేశారన్నమాట!" ఆ తర్వాత ప్రతి బండి దగ్గరా పది నిమిషాలు.

బయటికొచ్చాక వెనక తొట్టి ఉన్న ఒక ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌ను చూసి, ఇలాంటివి మీ దగ్గర ఎందుకు లేవన్నారు. ఒక కారణం కోడిమాంసం అని చెప్పాను. అమెరికా కోళ్ల మీద యూరప్ సుంకం వేస్తే, బదులుగా 1964 నుంచి బయటి దేశాల చిన్న ట్రక్కుల మీద అమెరికా 25 శాతం సుంకం వేసింది. కోళ్ల గొడవ సద్దుమణిగినా ఆ సుంకం పోలేదు. దాని చాటున అక్కడి కంపెనీలు పికప్‌లను ఇష్టమొచ్చినంత పెంచుకున్నాయి.

ఇటలీ ఉత్తరాన ఉన్న సౌత్ టిరోల్‌లో, ఫిన్ష్‌గావ్ లోయలో, ఆపిల్ తోట ఉన్న రైతింట్లో మూడు రాత్రులు ఉన్నాం. పొద్దుటి టిఫిన్‌తో కలిపి రాత్రికి 110 యూరోలు. రెండు ట్రిప్పుల్లోనూ ఇంతకంటే మంచి బస లేదు. బస్సులు, రైళ్లు ఉచితంగా ఎక్కడానికి గెస్ట్ పాస్ వాళ్లే ఇచ్చారు. ఎస్‌యూవీని పెరట్లో వదిలేసి స్టెల్వియో కనుమకి బస్సులోనే వెళ్లాం. ప్రాడ్ ఊరి వైపు నుంచి 48 హెయిర్‌పిన్ మలుపులు, పైన 2,757 మీటర్లు. షేఫర్‌లో స్టీరింగ్ నా చేతిలో ఉంది కాబట్టి లోయను సరిగ్గా చూడలేకపోయాను, ఇక్కడ తనివితీరా చూశాను.

కొండమీదికి వెళ్లే మట్టిబాటల మొదట్లో ఎర్ర అంచు ఉన్న తెల్లటి గుండ్రటి బోర్డు కనిపిస్తుంది. మీ బండి ఎంత గట్టిదైనా అక్కడితో ఆపాలి, అనుమతి ఉన్న రైతులకే దారి. వాళ్లు వాడే బండ్లు చూస్తే మనం నడిపేది ఎంత పెద్దదో తెలుస్తుంది. మా రైతుది పాత ఫియట్ పాండా ఫోర్ బై ఫోర్. పక్క తోటలో పియాజియో మూడు చక్రాల బండిలో బుట్టలు ఎక్కిస్తుంటే అమ్మ కేకేసింది, "మన ఆపే ఆటో!"

ఆఖరి రోజు పొద్దున నాన్న కనిపించలేదు. తోటలో వెతికితే, వరసల మధ్య నిలబెట్టిన సన్నటి ట్రాక్టర్ పక్కన దొరికారు. ముందు దాని వెడల్పు, తర్వాత వరసల మధ్య ఎడం జానలతో కొలుస్తున్నారు. పక్కనే ఉన్న మా రైతుకి ఇంగ్లిష్ అంతంతమాత్రం, నాన్నకి అసలు రాదు. రైతు సీటు చూపించి ఎక్కమన్నారు. నాన్న చెప్పులు కింద విడిచి ఎక్కారు.