350 షెవీ మీద పాత 461 హెడ్లు: ఆరేళ్ల వాడకం తర్వాత

1970ల చివరి షెవ్రొలె కమారోలో వచ్చిన 350 (ఘనపు అంగుళాల) ఇంజన్‌కి 1960ల నాటి 461 హెడ్లు (సిలిండర్ల మీద మూతలా బిగిసే, వాల్వులుండే భాగాలు) బిగిస్తే బండి కదలిక మారుతుంది. ఆ మార్పులో పెద్ద వాటా కంప్రెషన్‌దే, అంటే సిలిండర్‌లో మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుంటుందన్నదే. హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య వేసే గ్యాస్కెట్ చూసుకోకుండా బిగిస్తే చేసిన ఖర్చులో సగం వృథా.

లెక్క చూడండి. ఆ ఇంజన్‌కి ఫ్యాక్టరీ ఇచ్చిన 882 హెడ్ల చాంబర్ (మిశ్రమం మండే గుంట) 76 సీసీ, 461ది 64. బోరు 4.00 అంగుళాలు, స్ట్రోకు 3.48, అంటే ఒక్కో సిలిండర్ సుమారు 717 సీసీ. మా పిస్టన్ల గుంట 12 సీసీ. పైకొచ్చినప్పుడు పిస్టన్ డెక్‌కి, అంటే బ్లాక్ పై ముఖానికి, 0.025 అంగుళం కింద ఆగుతుంది. 0.015 అంగుళం మందం స్టీల్ షిమ్ (పల్చటి రేకు) గ్యాస్కెట్‌తో 882 హెడ్లకి కంప్రెషన్ నిష్పత్తి 8.4 వస్తే, 461కి 9.5 వస్తుంది. అదే 461 కింద మామూలు 0.039 కాంపోజిట్ గ్యాస్కెట్ పెడితే 9.0 దగ్గరే ఆగిపోతుంది. పైగా పిస్టన్‌కీ హెడ్ చదును భాగానికీ మధ్య సందు 0.040 నుంచి 0.064కి పెరుగుతుంది. ఆ సందు బిగువుగా ఉంటేనే మిశ్రమం ప్లగ్ వైపు తోసుకొచ్చి శుభ్రంగా మండుతుంది. వదులైతే కంప్రెషన్ తక్కువ ఉన్నా నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి టకటకమని పేలడం) రావచ్చు. అందుకే మా ఓటు షిమ్‌కే. అయితే బ్లాకూ హెడ్లూ రెండూ ఫేసింగ్ (ముఖం చదును) చేయించి ఉండాలి. గీతలున్న ఉపరితలం మీద షిమ్ నిలవదు, నీళ్లు కారతాయి.

ఆ 64 సీసీ కూడా కాగితం మీది అంకె. వాల్వు సీట్లు (వాల్వు వచ్చి ఆనే అంచులు) ఒకటికి రెండుసార్లు కోసిన పాత హెడ్లలో వాల్వులు లోపలికి దిగి చాంబర్ పెద్దదవుతుంది. అక్రిలిక్ పలకా బ్యూరెట్టూ పెట్టి ఎనిమిదింటినీ కొలవండి. తేడా సరిచేయడానికి హెడ్ కోస్తే, కోసినదానికి సుమారు 1.23 రెట్లు ఇంటేక్ మానిఫోల్డ్ (గాలీ పెట్రోలూ సిలిండర్లకి పంచే గొట్టాలు) బిగిసే ముఖం మీద కూడా కోయించాలి. లేకపోతే మానిఫోల్డ్ పోర్టులు పైకి జరిగి, బోల్టు రంధ్రాలు కలవవు.

కొనేముందు చూడాల్సింది పగుళ్లు. మాగ్నాఫ్లక్స్ (ఇనుములో పగుళ్లు చూపే అయస్కాంత) పరీక్ష లేకుండా డబ్బు ఇవ్వకండి. హెడ్ చివర ఒంటె మూపుల్లాంటి రెండు గుబ్బలు కనబడగానే మంచి హెడ్ అనుకోవద్దు. ఆ గుర్తు వేర్వేరు కాస్టింగుల (పోత నమూనాల) మీద ఉంటుంది. రాకర్ కవర్ తీసి 3782461 అన్న అంకె చదవాలి. వాల్వులు కూడా అన్నిట్లో ఒకటి కావు. 1.94 అంగుళాల ఇంటేక్, 1.50 ఎగ్జాస్ట్ ఎక్కువగా దొరుకుతాయి, 2.02, 1.60 అరుదు. వీధిలో తిరిగే 350కి 1.94 చాలు.

ఇక సీట్ల సంగతి. ఈ హెడ్లు సీసం కలిపిన పెట్రోలు రోజుల్లోవి, ఎగ్జాస్ట్ సీటు గట్టిపరచినది కాదు. సీసం లేని పెట్రోలుతో హైవే మీద గంటల తరబడి లాగితే వాల్వు సీటులోకి అరిగిపోతుంది. క్యామ్‌కీ వాల్వుకీ మధ్య ఉండే హైడ్రాలిక్ లిఫ్టర్ కొంతవరకు సర్దుకుంటుంది, ఆ తర్వాత వాల్వు పూర్తిగా మూసుకోదు, ఆ సిలిండర్ బలం పోతుంది. ఎనిమిది ఎగ్జాస్ట్ సీట్లకూ గట్టి ఇన్సర్టులు వేయించాం. ఆరేళ్లలో ఎక్కడా కుంగలేదు. ఈ పని చేయి తిరిగిన షాపుకే ఇవ్వాలి. కొంచెం లోతు ఎక్కువైతే వాటర్ జాకెట్ (నీళ్లు తిరిగే దారి) బయటపడుతుంది.

నొక్కి బిగించిన రాకర్ స్టడ్లు (వాల్వులను నొక్కే రాకర్లని పట్టే కడ్డీలు) మెత్తటి స్ప్రింగులకి సరిపోతాయి. క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) మార్చి గట్టి స్ప్రింగులు వేస్తే మెల్లగా పైకి లేస్తాయి. సీట్ల పనికి హెడ్లు షాపుకి వెళ్లినప్పుడే మర స్టడ్లు వేయించడం మేలు.

చాలామందిని ఇరకాటంలో పెట్టేది ఇది: 461 హెడ్ల ముందుభాగంలో ఆల్టర్నేటర్, పవర్ స్టీరింగ్ బ్రాకెట్లకి బోల్టు రంధ్రాలు ఉండవు. 1969 నుంచి వచ్చిన పొడుగు వాటర్ పంపు బండ్లలో ఆ బ్రాకెట్లు హెడ్లకే బిగుస్తాయి. కాబట్టి కమారోకి వేరే బ్రాకెట్లు చేయించక తప్పదు. ఉష్ణోగ్రత సెండర్ రంధ్రం కూడా కొన్ని పాత హెడ్లలో లేదు. అప్పుడు సెండర్‌ని ఇంటేక్‌లోకి మార్చాలి. ప్లగ్గులూ వేరే. వీటికి వాషర్ ఉన్న 13/16 (అంగుళాల స్పానర్) ప్లగ్గు కావాలి. 882లోని 5/8 టేపర్ ప్లగ్గు పెడితే సీటు మీద సరిగ్గా కూర్చోదు, గ్యాస్ కారుతుంది.

బిగింపులో ఒక హెచ్చరిక. ఒక్కో హెడ్‌కి 17 బోల్టులు, వాటి రంధ్రాలు వాటర్ జాకెట్‌లోకి తెరుచుకుంటాయి. ప్రతి మరకీ సీలర్ రాయాలి. మధ్య నుంచి బయటికి 30, 50, 65 ఫుట్-పౌండ్లు, మూడు విడతల్లో. ఒక్కటి పొడిగా వేసినా కూలెంట్ మర వెంట పైకి పాకి నూనెలో కలుస్తుంది.

ఆరేళ్ల తర్వాత కనిపించే లోపం ఒక్కటే: పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాస్త నీలం పొగ. ఇంటేక్ గైడ్లు అరిగాయి. గైడ్ విడి బుష్ కాదు, హెడ్ ఇనుమే, కాబట్టి మొదట్లోనే కాంస్య లైనర్లు వేయించి ఉంటే ఈ పని మిగిలేది కాదు. ఇగ్నిషన్ అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరే ముందే ప్లగ్ మెరిసే తేడా) మొత్తం 34 డిగ్రీల దగ్గర పెట్టి, అమెరికా బంకుల్లో దొరికే 91 ఆక్టేన్‌తో నడిపితే నాకింగ్ లేదు.

పాత రూపం ముఖ్యం కాని వాళ్లకి 1996 నుంచి వచ్చిన షెవీ వోర్టెక్ హెడ్లు ఇంతకన్నా బాగా గాలి పీలుస్తాయి, చాంబరూ 64 సీసీయే. వాటికి వేరే ఇంటేక్ మానిఫోల్డ్, వేరే రాకర్లు కావాలి, క్యామ్ లిఫ్ట్‌కీ హద్దు ఉంది. పాత రూపమే కావాలంటే 461 కన్నా 3927186 వెతకండి. అవే గుబ్బలు, దాదాపు అదే చాంబర్, ముందు బ్రాకెట్ రంధ్రాలు కూడా ఉంటాయి.