గో ఇన్, ఎంటర్, ఫ్రేజల్ వర్బ్స్ లిస్టు: ఏది మేలు?

హనుమకొండలో స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగులకు కొదవ లేదు. చేరిన కొన్నాళ్ళకే చేతికొచ్చేది ఫ్రేజల్ వర్బ్స్, అంటే క్రియకు చిన్న మాట తగిలించిన జోడీల జిరాక్స్. గో ఆఫ్, గో ఓవర్, కమ్ అక్రాస్, రన్ అప్, రన్ అవుట్... ఎదురుగా తెలుగు అర్థం, కింద ఒక వాక్యం. పిల్లలు వాటిని ఎక్కాల్లా వల్లె వేస్తారు. కదలికను ఇంగ్లిష్‌లో చెప్పడం నేర్చుకోవడానికి ఇదొక్కటే దారి కాదు, ఇంకో రెండున్నాయి. గో, వాక్, రన్ లాంటి క్రియలను వేరుగా, ఇన్, అవుట్, అప్, డౌన్, అక్రాస్, త్రూ, పాస్ట్ లాంటి చిన్న మాటలను వేరుగా నేర్చుకుని అప్పటికప్పుడు కలుపుకోవడం ఒకటి. ఈ చిన్న మాటల జోలికే పోకుండా ఎంటర్, ఎగ్జిట్, రీచ్, రిటర్న్, డిసెండ్ లాంటి ఒంటి క్రియలతో నెట్టుకురావడం రెండోది.

మనవాళ్ళకు సహజంగా నచ్చేది ఒంటి క్రియల దారి. కారణం తెలుగులోనే ఉంది. ఎక్కు, దిగు, దాటు, చేరు, దూరు అన్నప్పుడు ఎటు కదిలారన్నది క్రియలోనే తెలిసిపోతుంది. ఎలా కదిలారో చెప్పాలంటే ముందు ఇంకో మాట తగిలిస్తాం: కుంటుకుంటూ గుట్ట దిగాడు. ఇంగ్లిష్‌లో ఇది తిరగబడుతుంది: ‘హి లింప్డ్ డౌన్ ది హిల్’. కుంటడం క్రియలోకి ఎక్కింది, దిగడం ‘డౌన్’ అనే చిన్న మాటకు పోయింది. లెనర్డ్ టాల్మీ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త 1985లో ఈ తేడాను పట్టుకుని భాషలను విడదీసి చూపించారు. దిశను క్రియలో పెట్టే స్పానిష్ లాంటివి ఒక పక్క, క్రియ పక్కన పెట్టే ఇంగ్లిష్ లాంటివి ఇంకో పక్క. తెలుగు పూర్తిగా స్పానిష్ జట్టే అనలేం. ‘లోపలికి ఉరికాడు’ అని మనమూ అంటాం కదా. కానీ ‘లోపలికి కుంటాడు’ అనం, ‘కుంటుకుంటూ లోపలికి వచ్చాడు’ అంటాం.

ఎంటర్, రిటర్న్, డిసెండ్ లాంటివి 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచి ప్రభావంతో ఇంగ్లిష్‌లోకి వచ్చి చేరిన మాటలు. అందుకే వాటికి ఇప్పటికీ కొంచెం దొరవారి తీరు ఉంటుంది. ‘ఐ డిసెండెడ్ ఫ్రమ్ ది బస్’ అంటే వ్యాకరణంలో తప్పు లేదు గానీ వినేవాళ్ళు నవ్వు ఆపుకోవాలి. పైగా ఈ దారి అనుకున్నంత సులువు కాదు. చిన్న మాటల బాధ తప్పుతుందని ఎంచుకుంటామా, తీరా అవసరం లేని చోట అవే వచ్చి దూరతాయి. ‘ఎంటర్డ్ ఇన్‌టు ది రూమ్’, ‘రీచ్డ్ టు వరంగల్’, ‘రిటర్న్డ్ బ్యాక్’ అన్నవి నేను వారానికి ఒక్కసారైనా దిద్దుతాను. ఎంటర్, రీచ్ తర్వాత నేరుగా చోటు పేరే రావాలి. ‘ఎంటర్ ఇన్‌టు’ అనేది ఒప్పందాలకు, చర్చలకు వాడే మాట, గదికి కాదు. అరైవ్‌ది మరో పేచీ: స్టేషన్‌కు ‘ఎట్’, ఊరికి ‘ఇన్’, ‘టు’ మాత్రం రాదు. ఈ క్రియలు ఆఫీసు ఉత్తరాలకు, నోటీసులకు బాగుంటాయి. నోటితో మాట్లాడాలంటే వీటి మీద ఆధారపడొద్దనే చెప్తాను.

విడివిడిగా నేర్చి కలుపుకునే దారే నా లెక్కలో మేలు. ఎందుకో చూడండి. కాజీపేటలో రైలు దిగిన ఒక విదేశీ టూరిస్టుకు హనుమకొండ చౌరస్తాకు దారి చెప్పాలి. ఫాతిమానగర్ బ్రిడ్జి దాటాలి, ఎన్‌ఐటీ కాలేజీ దాటాలి, సుబేదారి ఏరియా దాటాలి. మనకు అన్నిటికీ ఒక్క దాటడమే సరిపోతుంది. కాబట్టి క్లాసులో వచ్చే జవాబు ‘క్రాస్ ది బ్రిడ్జ్, క్రాస్ ఎన్‌ఐటీ, క్రాస్ సుబేదారి’. బ్రిడ్జికి సరే, ఎన్‌ఐటీని క్రాస్ చేయడమంటే ఆ మనిషికి గందరగోళమే. ఇంగ్లిష్‌లో ఆ ఒక్క దాటడం మూడుగా చీలుతుంది: ‘గో ఓవర్ ది బ్రిడ్జ్, గో పాస్ట్ ఎన్‌ఐటీ, గో త్రూ సుబేదారి’. ఓవర్ అంటే పైనుంచి అవతలికి. పాస్ట్ అంటే లోపలికి పోకుండా పక్కనుంచి ముందుకు. త్రూ అంటే మధ్యలోంచి. ‘గో త్రూ ఎన్‌ఐటీ’ అన్నారనుకోండి, పాపం ఆయన గేటు దగ్గర సెక్యూరిటీకి ఐడీ కార్డు చూపించాల్సి వస్తుంది. ఇక రోడ్డుకు ఈ పక్క నుంచి ఆ పక్కకు పోవడమైతే అక్రాస్.

ఇప్పుడు గో తీసేసి వాక్ పెట్టండి, డ్రైవ్ పెట్టండి, సైకిల్ పెట్టండి. ఓవర్, పాస్ట్, త్రూ ఉన్నచోటే ఉంటాయి. పది క్రియలు, పది చిన్న మాటలు వస్తే చాలు, ఏ లిస్టులోనూ లేని వాక్యాలు నోటికొస్తాయి. పైగా ఇంగ్లిష్ ఒకే క్రియకు వీటిని వరుసగా తగిలిస్తుంది. పద్మాక్షి గుట్ట మీంచి ఓ పిల్ల మళ్ళీ కిందికి ఉరుక్కుంటూ దిగి రోడ్డు మీదికి వచ్చిందనుకోండి, ‘షి రాన్ బ్యాక్ డౌన్ ది హిల్ టు ది రోడ్’. మనకు ఉరకడం, దిగడం, రావడం మూడూ కావాలి, అక్కడ రన్ ఒక్కటే. వరుసలో బ్యాక్ ముందుంటుంది, ‘డౌన్ బ్యాక్’ అనరు.

అడ్వర్బ్ ఏది, ప్రిపోజిషన్ ఏది అని పిల్లలు టెన్షన్ పడతారు గానీ కదలిక విషయంలో అదంత పెద్ద లెక్క కాదు. వెనక చోటు పేరుంటే ప్రిపోజిషన్, లేకపోతే అడ్వర్బ్: ‘వెంట్ డౌన్ ది స్టెప్స్’, ‘వెంట్ డౌన్’. అప్, డౌన్, ఓవర్, అక్రాస్, త్రూ, పాస్ట్ రెండు పనులూ చేస్తాయి. ఇన్, అవుట్ దగ్గర మాత్రం జాగ్రత్త. చోటు పేరు రాగానే మామూలుగా అవి ఇన్‌టు, అవుట్ ఆఫ్ అవుతాయి. ‘రన్ ఇన్ ది పార్క్’ అంటే పార్కులోనే పరిగెత్తడం, ‘రన్ ఇన్‌టు ది పార్క్’ అంటే బయటి నుంచి లోపలికి. టు సంగతి దీనికి ఎదురు. చోటు పేరు లేకుండా అది రాదు, కానీ హోమ్, హియర్, దేర్, అబ్రాడ్ ముందు దాన్ని వదిలేయాలి. ‘గో టు హోమ్’ అనకుండా డిగ్రీ దాటినవాళ్ళు మన దగ్గర తక్కువే.

బండ్ల సంగతి వేరే. లేచి నిలబడి అటూ ఇటూ నడవగలిగే బస్సుకు, రైలుకు గెట్ ఆన్, గెట్ ఆఫ్. ఆటోకు, కారుకు గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్. బైక్ ఎక్కి కూర్చుంటాం కాబట్టి దానికీ ఆన్. మనం బస్సు దిగడానికి వాడే ‘గెట్ డౌన్’ ఇండియాలో ఎక్కడైనా చెల్లుతుంది. లండన్‌లో గట్టిగా ‘గెట్ డౌన్’ అంటే మాత్రం తల వంచుకోమన్నారేమో అనుకుంటారు.

మరి లిస్టు దండగేనా? కాదు. దిశకు, అర్థానికి పొంతన దొరకని చోట బట్టీ తప్పదు. అలారం ‘గోస్ ఆఫ్’ అంటే మోగడం, బ్రిటిష్ వాడుకలో పాలు ‘గోస్ ఆఫ్’ అంటే పాడవడం. ఈ రెండిటినీ ఏ దిక్కు చూసి ఊహిస్తాం? ఏది లిస్టులోకి పోవాలో, ఏది అక్కర్లేదో చాలాచోట్ల పట్టిచ్చే చిట్కా ఒకటుంది. ‘హి రాన్ అప్ ది హిల్’, ‘హి రాన్ అప్ ఎ బిల్’ పైకి ఒక్కలాగే కనిపిస్తాయి. మొదటిదాంట్లో గుట్ట ఎక్కాడు, రెండోదాంట్లో బాకీ పెంచుకున్నాడు. ‘రాన్ ఎ బిల్ అప్’ అని అప్‌ను చివరికి జరపొచ్చు, ‘రాన్ ది హిల్ అప్’ అనలేం. ఇట్ పెట్టి చూస్తే ఇంకా తేలిక: గుట్టకైతే ‘రాన్ అప్ ఇట్’, బిల్లుకైతే ‘రాన్ ఇట్ అప్’. అలా జరిగితే అక్కడ అప్ క్రియతో జోడీ కట్టిందన్నమాట, అర్థం మారిందేమో అనుమానించాలి. అర్థం మారినవాటినే లిస్టులో పెట్టుకుంటే చాలు. గో అప్, కమ్ డౌన్, రన్ అక్రాస్ లాంటివి అందులో ఉంటే కొట్టేయండి, కాగితం సగానికి దిగుతుంది.

పోటీ పరీక్షలు రాసేవాళ్ళకు ఒక మినహాయింపు. తప్పు పట్టమనే ప్రశ్నల్లో రిటర్న్ బ్యాక్, రీచ్ టు, ఎంటర్ ఇన్‌టు లాంటివి తరచూ కనిపిస్తాయి. వాళ్ళు ఒంటి క్రియలను మాట్లాడటం కోసం కాకపోయినా మార్కుల కోసమైనా ఒకసారి గట్టిగా చూసుకోవాలి.